యాక్సిల్ బూటు: చిరుగు కనపడ్డాక, చప్పుడు వినపడే లోపు

ముందు చక్రాలతో నడిచే కారు ఏదైనా సరే, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి చక్రం వెనక్కి తొంగిచూస్తే మడతలు మడతలుగా నల్లటి రబ్బరు తొడుగు ఒకటి కనపడుతుంది. మెకానిక్‌లు దాన్ని యాక్సిల్ బూటు అంటారు, కొందరు సీవీ బూటు అంటారు. దాని ఖరీదు వందల్లో ఉంటే, అది కాపాడే జాయింటు ఖరీదు వేలల్లో ఉంటుంది. ఈ లెక్క కారున్న వాళ్లలో చాలామందికి తెలుసు. కొత్త బూటు వేయించిన మూడు నెలలకే మళ్లీ గ్రీజు కక్కుతుంటే మాత్రం అందరూ ‘డూప్లికేట్ రబ్బరు’ అని తిట్టుకుని ఊరుకుంటారు. నిజానికి తప్పు రబ్బరుది అయ్యేది తక్కువ. క్లిప్పు బిగింపు, లోపల చిక్కుకున్న గాలి, తుడవకుండా వదిలేసిన జిడ్డు, ఎక్కువో తక్కువో కూరిన గ్రీజు. ఎక్కువ బూట్లు పాడయ్యేది వీటి వల్లే.

గేర్‌బాక్స్ నుంచి ఒక్కో ముందు చక్రానికి ఒక్కో షాఫ్ట్ వెళ్తుంది. దాని రెండు చివర్లా రెండు జాయింట్లు. వీటినే సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింట్లు అంటారు. చక్రం వైపు జాయింటులో ఆరు ఉక్కు గుండ్లు, వాటిని పట్టుకునే ఒక కేజ్ ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఇది 45 డిగ్రీల దాకా వంగి కూడా చక్రాన్ని ఒకే వేగంతో తిప్పుతుంది. గేర్‌బాక్స్ వైపు జాయింటు అంతగా వంగదు. కానీ చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా షాఫ్ట్ పొడవు కాస్త పెరగాలి, కాస్త తగ్గాలి. అందుకని దాన్ని లోపలికీ బయటికీ జరిగేలా తయారుచేస్తారు. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది మూడు రోలర్ల ట్రైపాడ్ రకం.

గుండ్ల జాయింటును 1920లలో రూపొందించింది ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు. కార్లలో అది భారీగా వాడకంలోకి వచ్చింది 1959లో, బ్రిటన్ మినీ కారుతో. మన దేశంలో చిన్న ఊళ్ల షెడ్డుల దాకా దాన్ని తెచ్చింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800. అంతకుముందు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు వెనక చక్రాల డ్రైవే. వాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే కడ్డీ) క్రాసులకు నిపుల్, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మూతి, ఉండేది, సర్వీసుకు వచ్చినప్పుడల్లా గన్నుతో గ్రీజు కొట్టేవాళ్లు. సీవీ జాయింటుకు నిపుల్ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజే దాని జీవితమంతటికీ. గ్రీజు బయటికి పోకుండా, దుమ్మూ నీళ్లూ లోపలికి రాకుండా ఆపేది మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని ఆ తొడుగొక్కటే.

మామూలు రబ్బరు మూత ఒకసారి బిగిస్తే కదలకుండా ఉంటుంది. బూటు పని అలా కాదు. కారు తిన్నగా పోతున్నా షాఫ్ట్ కొన్ని డిగ్రీల వాలులోనే ఉంటుంది. అందుకని చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రతి మడతా హార్మోనియం తిత్తిలా ఒకసారి మూసుకుని ఒకసారి తెరుచుకుంటుంది. 165/80 ఆర్14 టైరు కిలోమీటరుకు సుమారు 530 చుట్లు తిరుగుతుంది. 50,000 కిలోమీటర్లకు రెండున్నర కోట్లకు పైనే. ఇక పూర్తి యూటర్నులో ఒక పక్క మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి, రెండో పక్కవి విప్పారి సాగుతాయి. డివైడర్ సందుల్లో రోజుకు పదిసార్లు యూటర్ను తీసుకునే ట్యాక్సీకీ, హైవే మీదే తిరిగే కారుకీ బూటు ఆయుష్షులో తేడా వచ్చేది ఇక్కడే. చక్రం వైపుండే బయటి బూటు ముందు చిరగడానికీ, గేర్‌బాక్స్ వైపుండే లోపలి బూటు దానికన్నా చాలాకాలం మన్నడానికీ కారణం ఇదే.

చిరుగు ఎక్కువగా మడత లోయలోనే మొదలవుతుంది. పైనుంచి చూస్తే బూటు బాగున్నట్టే ఉంటుంది. రెండు వేళ్లతో మడతను విప్పి, టార్చ్ వేసి చూస్తేగానీ అడుగున వెంట్రుకలాంటి పగుళ్లు బయటపడవు. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరును కొరుకుతుంది. నెలల తరబడి కారు కదలకుండా, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పేసి నిలిపి ఉంచితే సాగి ఉన్న వైపు మడతలకు పగుళ్లు తొందరగా వస్తాయి. కారు చాలాకాలం నిలిపేటట్టయితే చక్రాలు తిన్నగా పెట్టి నిలపడం మేలు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువులు రెండున్నాయి. మొదటిది వాటర్ సర్వీసింగ్ దగ్గర తుప్పు పట్టదని చెప్పి అడుగున కొట్టే డీజిల్ స్ప్రే, లేదా వాడేసిన ఇంజిన్ ఆయిల్. బూటు రబ్బరు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. సస్పెన్షన్ బుష్‌లు మామూలు రబ్బరువైతే ఉబ్బి మెత్తబడతాయి. రెండిటికీ మంచిది కాదు కనక కింద స్ప్రే వద్దని ముందే చెప్పడం ఉత్తమం. రెండోది రోడ్డు మీద పరిచే పంట. కోతల కాలంలో ఉలవ, కంది, పెసర కట్టెను వాహనాల చక్రాల కింద నలగడానికని రోడ్డు మీద పరుస్తారు. ఆ కట్టె షాఫ్ట్‌కు తాడులా చుట్టుకుంటుంది. గట్టి పుల్ల ఒక్కటి మడతల మధ్య ఇరుక్కుందంటే అది బూటును కోసేదాకా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి రోడ్డు దాటాక ఒకసారి బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, చుట్టుకున్నదాన్ని లాగి పారేయాలి. సైలెన్సర్‌కు అంటుకున్నది నిప్పు రాజేయొచ్చు కూడా. ఇవి కాక స్ప్రింగులు మార్చి కారు ఎత్తు పెంచితే షాఫ్ట్ వాలు శాశ్వతంగా పెరిగి, తిన్నగా పోతున్నప్పుడు కూడా మడతలు ఎక్కువగా మెదులుతాయి.

బూటు చిరిగిన సంగతి మొదట చెప్పేది చప్పుడు కాదు, మరక. షాఫ్ట్ తిరిగే ఊపుకు గ్రీజు చిరుగులోంచి చిమ్మి రిమ్ము లోపలి గోడ మీద, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేయి) మీద, ఒక్కోసారి బ్రేక్ కాలిపర్ మీద నల్లటి చారలా పడుతుంది. డిస్కు మీదో ప్యాడ్ల మీదో పడితే బ్రేకు పట్టు తగ్గుతుంది, ఒక పక్కకు లాగుతుంది. అందుకే ఆ మరకను వాయిదా వేయకూడదు. తర్వాతి దశలో మిగిలిన గ్రీజులో ఇసుక, నీళ్లు కలిసి సానపెట్టే పేస్టులా తయారవుతాయి. పొడి హైవే మీద తిరిగే కారైతే ఇది నెలలు పట్టవచ్చు. వానాకాలంలో మట్టి రోడ్డయితే కొన్ని వారాలు చాలు. గుండ్లు నడిచే గాళ్లలో గుంటలు పడ్డాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే చక్రం దగ్గర కటకటమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మొదలైన జాయింటుకు కొత్త బూటు తొడగడం డబ్బు దండగ. లోపలి జాయింటు అరిగితే ఈ కటకట చప్పుడు ఉండదు, వేగం అందుకునేటప్పుడు కారంతా వణుకుతుంది. దీన్ని వీల్ బ్యాలెన్సింగ్ లోపం అనుకుని తిప్పలు పడేవాళ్లు ఎక్కువ. యాక్సిలరేటర్ వదలగానే వణుకు తగ్గిపోతే జాయింటునే ముందు అనుమానించాలి.

చిరుగుకూ చప్పుడుకూ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే బూటు మార్చడానికి అర్థం ఉంది. ఎటు తేల్చుకోవాలో గ్రీజే చెబుతుంది. చిరుగు దగ్గర కాస్త తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాలి. నున్నగా ఉంటే దుమ్ము ఇంకా లోపలికి పోలేదు, బూటూ గ్రీజూ మారిస్తే సరిపోతుంది. కరకరలాడితే జాయింటును విప్పి కడిగి, గాళ్లలో గోటికి తగిలే గుంటలున్నాయేమో చూశాకే కొత్తది ఎక్కించాలి. గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్టే. లోపల తుప్పు చుక్కలు కూడా వెతకాలి.

ఏ బూటు తెచ్చుకోవాలనేది తర్వాతి ప్రశ్న. పాత రకం నియోప్రీన్ రబ్బరుది. మెత్తగా ఉంటుంది, సాగుతుంది. గ్రీజునూ ఓజోన్‌నూ సహజ రబ్బరు కన్నా బాగా తట్టుకుంటుంది. ఈమధ్య కార్లకు వచ్చేది గట్టి ప్లాస్టిక్‌లా అనిపించే థర్మోప్లాస్టిక్ రకం. అది ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ సాగదు, వదులు క్లిప్పుకు అసలు పట్టదు. నియోప్రీన్ బూటుతో వచ్చే పలచటి పట్టీని థర్మోప్లాస్టిక్ బూటుకు వేస్తే వారం తిరక్కుండా గ్రీజు కారుతుంది. దుకాణంలో ఎండ తగిలేచోట కొక్కేనికి వేలాడదీసిన నియోప్రీన్ బూటు కొనకపోవడం మంచిది. కొనే ముందు మడతలు విప్పి నొక్కి చూస్తే పాత సరుకైతే అక్కడే పగుళ్లు కనపడతాయి.

షాఫ్ట్ విప్పకుండానే వేసేయొచ్చని అమ్మే చీలిక బూట్లూ ఉన్నాయి. చక్రం దగ్గరే చుట్టి అంచులకు జిగురు పూసి అతికిస్తారు. జిడ్డు ఆనవాలు లేని చోట మాత్రమే ఆ జిగురు పట్టుకుంటుంది. చిరిగిన బూటు చుట్టూ జిడ్డు లేకపోవడం ఎక్కడా ఉండదు. ఊరు చేరడానికి సరే, దాన్ని శాశ్వత రిపేరు అనుకోకూడదు. కోను మీదుగా సాగదీసి జాయింటు మీంచే ఎక్కించే సాగుడు బూట్లు వీటికన్నా చాలా నయం. కాకపోతే వాటి గోడ పలచన.

ఇక ఎక్కించే పని. ముందు తెలుసుకోవాల్సింది, అన్ని షాఫ్ట్‌లూ ఒకే రకంగా ఊడవు. కొన్నింట్లో బయటి జాయింటు లోపలి రేసు (గుండ్లకు లోపలి వైపుండే రింగు) మీద ఇత్తడి సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తే లాకు రింగు ముడుచుకుని జాయింటు షాఫ్ట్ నుంచి ఊడివస్తుంది. సుజుకీ, టొయోటా వంటి చాలా జపాన్ కార్లలో బయటి జాయింటును విప్పకూడదని మాన్యువల్ చెబుతుంది. అక్కడ లోపలి జాయింటు విప్పి, ఆ చివరి నుంచే రెండు బూట్లూ లాగాలి. ఎలాగూ లోపలి బూటు బయటికొస్తుంది కనక రెండూ ఒకేసారి కొత్తవి వేయడమే తెలివైన పని. ఒక్కటే మార్చి ఆరునెలల తర్వాత రెండోదానికి మళ్లీ అంతా విప్పితే మిగిలేది కూలి ఖర్చే.

యాక్సిల్ నట్టును కారు నేల మీద ఉండగానే, ఎవరైనా బ్రేకు తొక్కిపట్టి ఉండగా వదులు చేయాలి. దాని అంచును ముందు ఉలితో నొక్కి ఉంటారు. ఆ నొక్కును ఎత్తకుండా పానా వేస్తే షాఫ్ట్ మర పాడవుతుంది. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు తప్పకుండా పెట్టి, చక్రం తీసి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటును నకిల్ (చక్రం హబ్బును పట్టుకునే భాగం) నుంచి వేరు చేస్తారు. షాఫ్ట్ చక్రం హబ్బు నుంచి రాకపోతే పాత నట్టును మర చివరి దాకా తిప్పి పెట్టి, దాని మీద ఇత్తడి సుత్తితో కొట్టాలి. అలా కొడితే మర చెడదు. కాలిపర్‌ను బ్రేక్ హోసు మీద వేలాడనివ్వకూడదు, తీగతో స్ప్రింగుకు కట్టాలి. ఏబీఎస్ ఉన్న కారైతే సెన్సర్ వైరు ఎక్కడ సాగుతోందో ఒక కన్నేసి ఉంచాలి.

గేర్‌బాక్స్ వైపు చివరను జాయింటుకూ కేసింగుకూ మధ్య లీవర్ పెట్టి తీస్తారు. షాఫ్ట్‌ను చక్రం వైపు నుంచి పట్టుకుని గుంజడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అలా గుంజితే లోపలి జాయింటు దాని గిన్నెలోంచి జారి, రోలర్లు బూటులోనే విడిపోతాయి. గేర్ ఆయిల్ కారుతుంది కనక కింద డబ్బా పెట్టుకోవాలి. తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్ట్ పళ్లు ఆయిల్ సీలు పెదవిని గీరకుండా తిన్నగా దూర్చాలి. అక్కడ ఒక్క గీత పడినా బూటు పని మంచిగా చేసి కూడా కారు కింద నూనె చుక్క చూడాల్సి వస్తుంది.

బెంచి మీదకొచ్చాక ట్రైపాడ్, షాఫ్ట్, గిన్నె మూడిటి మీదా ఒకే వరసలో పెయింటు గుర్తు పెట్టాలి. పంచ్‌తో కొట్టకూడదు. పాత క్లిప్పులు, బూట్లు కోసేయడమే. లాకు తీసి, పుల్లర్‌తో ట్రైపాడ్ లాగి, జాయింట్లను కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. చాలా షెడ్డుల్లో ఆగలేక తడి మీదే గ్రీజు పెట్టేస్తారు. మిగిలిన కిరోసిన్ గ్రీజును పలచన చేస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. కంప్రెసర్ గాలి కొట్టి, పొడి గుడ్డతో తుడిస్తే పది నిమిషాల పని.

కొత్త బూటు దూర్చే ముందు షాఫ్ట్ పళ్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టాలి. లేకపోతే షాఫ్ట్‌ను పట్టుకునే బూటు చిన్న మూతిలో కంటికి కనపడని కోత పడి, అదే రేపటి చిరుగు అవుతుంది. చిన్న క్లిప్పును ముందే షాఫ్ట్ మీదకు ఎక్కించడం మరిచిపోతే మళ్లీ మొదటికి రావాలి. ట్రైపాడ్ కొట్టాక లాకు కొత్తదే వేయాలి. అది గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో స్క్రూడ్రైవర్‌తో కదిపి చూడాలి.

గ్రీజు విషయంలో చేతికొచ్చినంత అనే లెక్క పనికిరాదు. కిట్‌తో వచ్చే సంచీ చిన్న కార్లకు సాధారణంగా 60 నుంచి 130 గ్రాముల మధ్య ఉంటుంది. అది ఆ జాయింటుకు కొలిచిన మోతాదు. ఎక్కువ భాగం జాయింటులోకే, గుండ్ల మధ్యకు వేళ్లతో నొక్కి పంపి, మిగిలినది బూటు పెద్ద మూతి వైపు వేయాలి. తక్కువైతే గాళ్లు ఎండుతాయి. మరీ ఎక్కువైతే వేడికి వ్యాకోచించి, మడతలను లోపలినుంచి ఉబ్బించి, చిన్న మూతి కింద నుంచి దారి వెతుక్కుంటుంది. బయటి జాయింటుకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజు వాడతారు. లోపలి జాయింటుకు కొన్ని కంపెనీలు వేరే రంగు గ్రీజు ఇస్తాయి. రెండు రంగుల సంచులు వచ్చాయంటే కలపమని కాదు. వీల్ బేరింగ్ డబ్బాలోని గ్రీజుతో సరిపెట్టుకోవడం కూడా కుదరదు. గుండ్ల ఒత్తిడికి అది నిలవదు.

తర్వాత క్లిప్పులు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. బూటు మూతి కూర్చునే గాడినీ, మూతి లోపలి వైపునూ పెట్రోలుతో తుడిచి ఆరనివ్వాలి. వేలు పెడితే జారకూడదు. అక్కడ జిడ్డు ఉంటే ఎంత బిగించినా మూతి తిరుగుతుంది, తిరిగిన కొద్దీ గ్రీజు ఊరుతుంది. మూతి లోపలి గట్టు గాడిలో కచ్చితంగా పడిందని వేలితో చుట్టూ తడిమి చూశాక పెద్ద క్లిప్పు బిగించాలి. చెవి (నొక్కితే క్లిప్పు బిగిసే మడత) ఉన్న క్లిప్పును దాని ప్లయర్‌తోనే నొక్కాలి. హోండా వంటి కంపెనీల మాన్యువల్‌లో నొక్కాక చెవి కాళ్ల మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదని కొలతే ఇచ్చారు. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చెవి ఒక పక్కకు వాలుతుంది, లేదా సగం తెగి హైవే మీద విడిపోతుంది. మడతపెట్టి వంచే పట్టీ రకమైతే కొస ముందుకు తిరిగే దిశకు ఎదురుగా ఉండకూడదు, పుల్లో రాయో తగిలి లేచిపోతుంది. కేబుల్ టై, బైండింగ్ వైరు రెండూ పనికిరావు. మొదటిది వేడికి వదులవుతుంది, రెండోది రబ్బరును కోస్తుంది.

చిన్న క్లిప్పు బిగించే ముందు లోపలి గాలి సంగతి చూడాలి. షాఫ్ట్ మీద బూటు మూతి ఎక్కడ ఉండాలో గాడి చెబుతుంది. లోపలి జాయింటుకు మాత్రం మాన్యువల్ ఒక పొడవు కొలత ఇస్తుంది, జాయింటును ఆ పొడవులో నిలిపి బిగించాలి. అలా నిలిపాక మొనలేని సన్నటి స్క్రూడ్రైవర్‌ను చిన్న మూతి కింద దూర్చి ఒక్క క్షణం ఎత్తితే చిక్కిన గాలి బయటికి పోతుంది, లేదా కావాల్సిన గాలి లోపలికి వస్తుంది. ఇది చేయకపోతే రెండు రకాల చేటు. గాలి ఎక్కువైతే మడతలు బెలూనులా ఉబ్బుతాయి. తక్కువైతే ఒక మడత లోపలికి పీల్చుకుని, షాఫ్ట్‌కు రాసుకుంటూ పైకి తెలియకుండా అరిగిపోతుంది. బిగించాక బూటును చేత్తో పట్టుకుని తిప్పి చూడాలి. జాయింటు మీద కొంచెం కూడా జారకూడదు, మడతల్లో ఎక్కడా మెలి ఉండకూడదు.

ఎక్కించేటప్పుడు నట్టు కొత్తది వాడి, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి. చిన్న కార్లలో కూడా అది 150 న్యూటన్ మీటర్లకు పైనే. నట్టు వదులుగా ఉండగా కారును నేల మీద దొర్లిస్తే వీల్ బేరింగ్ చెడుతుంది. గేర్ ఆయిల్ మట్టం చూడకుండా కారు నడపకూడదు.

స్టీరింగ్ ర్యాక్ చివర్లకు ఉండే బూట్లదీ ఇదే వరస, కాకపోతే ఒక కిటుకు ఉంది. వీల్ అలైన్‌మెంట్‌లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయడానికి టై రాడ్‌ను (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీని) తిప్పేటప్పుడు ర్యాక్ బూటు చిన్న క్లిప్పు వదులు చేయాలి. వదులు చేయకుండా తిప్పితే బూటు మెలిపడి, వారాల తర్వాత చిరుగుతుంది. అప్పుడు ఎవరికీ అలైన్‌మెంట్ గుర్తుకు రాదు. అలైన్‌మెంట్ చేయించిన రోజునే ఆ బూటు మడతలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది.

యాక్సిల్ బూటుకు మొదటి తనిఖీ 500 కిలోమీటర్లకు. చిన్న మూతి దగ్గర పలచగా జిడ్డు గీత ఒకటి కనపడటం కొత్తలో మామూలే, బిగించేటప్పుడు అంటినది కావచ్చు. గుడ్డతో శుభ్రంగా తుడిచి మరో వారం తిరిగి చూడాలి. గీత మళ్లీ వస్తే కారేది క్లిప్పు దగ్గరే. అప్పుడు కొత్త క్లిప్పు ఒక్కటి చాలు, బూటు మార్చక్కర్లేదు.